చిన్న ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ల పిచ్చి ఉద్యోగానికి దారి తీస్తుందా?

ప్రశ్న: మాది నెల్లూరు, పన్నెండేళ్లుగా చెన్నై విల్లివాక్కంలో ఉంటున్నాం. మా అబ్బాయి డిప్లొమా ఈసీఈ చివరి ఏడాది. కాలేజీ రేడియోలో సాయం చేస్తూ ఎప్పుడు చూసినా ట్రాన్స్‌లేటర్లనే చిన్న ప్రసార యూనిట్లు, సిగ్నళ్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడం గురించే మాట్లాడతాడు. ఇప్పుడు ట్రాన్స్‌మిటర్ కిట్ కొనిపెట్టమంటున్నాడు. దీంతో ఉద్యోగం వస్తుందా? కోడింగ్‌లో చేర్పించమంటారా?

జవాబు: అమ్మా, ముందు కిట్ సంగతి. కొనకండి. లైసెన్సు లేకుండా ఎఫ్‌ఎం బ్యాండ్‌లో ప్రసారం చేయడం నేరం. పైగా 108 మెగాహెర్ట్జ్ దాటగానే విమానాలకు దారి చూపే సిగ్నళ్లు మొదలవుతాయి. సరైన ఫిల్టర్ లేని చవక కిట్ తన చెత్తనంతా అక్కడికి కూడా చిమ్ముతుంది. మీనంబాక్కంలో విమానాలు దిగే ఊళ్లో అది పిల్లల ఆట కాదు.

ఇక ఉద్యోగం. రేడియో స్టేషన్లనే నమ్ముకుంటే నిరాశ తప్పదు, వాటిలో ఇంజినీర్ల సంఖ్య చాలా తక్కువ. మీ అబ్బాయి చెప్పే ట్రాన్స్‌లేటర్ అమెరికా వ్యవస్థ. పెద్ద స్టేషన్ సిగ్నల్‌ని పట్టి, ఫ్రీక్వెన్సీ మార్చి మళ్లీ వదిలే చిన్న యూనిట్ అది, పవర్ 250 వాట్లకు మించకూడదు. మన దగ్గర దానికి దగ్గరగా ఉన్నవి ఆకాశవాణి 100 వాట్ల ట్రాన్స్‌మిటర్లు. 2023 ఏప్రిల్‌లో ఒకేసారి 91 ప్రారంభించారు. ఇవి కాక కమ్యూనిటీ రేడియోలున్నాయి. దేశంలో మొదటి క్యాంపస్ కమ్యూనిటీ రేడియో 2004లో మీ ఊళ్లోనే, అన్నా యూనివర్సిటీలో, 90.4 మెగాహెర్ట్జ్ మీద మొదలైంది.

అయితే వీటి దగ్గర నేర్చుకునే ఒక విద్యకు బయట గిరాకీ ఉంది. ఇంటర్‌ఫియరెన్స్, అంటే ఒక సిగ్నల్‌ని మరొకటి చెడగొట్టడం, ఎక్కణ్నుంచి వస్తోందో పట్టుకోవడమే ఆ విద్య. మొబైల్ టవర్లకీ మెట్రో రైలుకీ విమానాశ్రయానికీ రక్షణ సంస్థలకీ ఆ మనిషి కావాలి.

కిట్ బదులు ఒక ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగుల్, అంటే కంప్యూటర్‌కి తగిలించే చిన్న రేడియో రిసీవర్, కొనివ్వండి. అది వినడానికే, ప్రసారం చేయలేదు. యాంటెన్నా వాడే చేసుకోవాలి: పావు తరంగం పొడవు కోసం 75ని స్టేషన్ ఫ్రీక్వెన్సీ 90.4తో భాగిస్తే 0.83 మీటరు, అందులో 5 శాతం తగ్గించి 79 సెంటీమీటర్ల అల్యూమినియం కడ్డీలు రెండు. వాటిని మేడ మీద నిలువుగా, ఒకదాని పైన ఒకటి ఉండేలా కట్టి, మధ్యలో కేబుల్ కలపాలి.

తర్వాత 88.7 దగ్గర వెతకమనండి. చెన్నైలో 93.5 మీదా 98.3 మీదా బలమైన స్టేషన్లున్నాయి. రెండు బలమైన సిగ్నళ్లు ఒకదాంట్లో ఒకటి కలిస్తే కొత్త ఫ్రీక్వెన్సీలో నకిలీ సిగ్నల్ పుడుతుంది: 93.5ని రెట్టింపు చేసి 98.3 తీసేస్తే 88.7. అక్కడ పాట వినిపిస్తే స్టేషన్ దొరికిందనుకోవద్దు. యాంటెన్నాకీ డాంగుల్‌కీ మధ్య 10 డీబీ అటెన్యుయేటర్, అంటే సిగ్నల్ బలాన్ని 10 డెసిబెల్స్ తగ్గించే ముక్క, పెట్టాలి. ఆ సిగ్నల్ సుమారు 30 డీబీ పడిపోతే అది డాంగుల్ లోపల పుట్టిన దయ్యం, బయట లేనే లేదు. సరిగ్గా 10 పడితే నిజంగానే గాలిలో ఉంది. అప్పుడు ఒక దిక్కు సిగ్నల్‌నే బాగా పట్టే మూడు కడ్డీల యాగీ యాంటెన్నా పట్టుకుని ఏ దిక్కున పెరుగుతుందో చూస్తూ నడవాలి. ఒక్కోసారి ఆ దారి తుప్పు పట్టిన మేడ రెయిలింగ్ దగ్గర ఆగుతుంది. తుప్పు అతుకు డయోడ్‌లా పనిచేసి రెండు స్టేషన్లను కలిపేస్తుంది. ఈ ఒక్క పరీక్ష చేతికొస్తే ఇంటర్వ్యూలో సగం గట్టెక్కినట్టే.

కాలేజీ స్టేషన్‌లో ట్రాన్స్‌మిటర్ కంటే కేబుల్ మీద కన్నేయమనండి. 50 వాట్ల ట్రాన్స్‌మిటర్‌కి 30 మీటర్ల ఆర్‌జీ-58 అనే సన్న కేబుల్ తగిలిస్తే పైకి చేరేది పదహారు, పదిహేడు వాట్లే, మిగతాదంతా వేడి. అందుకే అక్కడ లావు కేబుల్ వాడతారు. సముద్రపు ఉప్పు గాలికి కనెక్టర్లు త్వరగా పాడవుతాయి. పవర్ ఎంత వెనక్కి తిరిగి వస్తోందో చెప్పే కొలత ఎస్‌డబ్ల్యూఆర్. అది 2కి చేరిందంటే 11 శాతం పవర్ వెనక్కి వస్తున్నట్టు. అప్పుడు చాలా ట్రాన్స్‌మిటర్లు తమంతట తామే పవర్ తగ్గించుకుంటాయి, ప్రసారం సరిగా వినపడక స్టేషన్‌లో అందరూ పక్క స్టేషన్ని తిట్టుకుంటారు. నెలకోసారి ఎస్‌డబ్ల్యూఆర్ రాసి పెట్టుకుని, అతుకుల మీద రబ్బరు టేప్ మార్చితే ఆ తగవు రాదు.

చదువు విషయంలో, డిప్లొమాతో ఆగవద్దు. లేటరల్ ఎంట్రీలో బీఈ ఈసీఈ రెండో ఏడాదిలో చేరాలి. యాంటెన్నాలు, మైక్రోవేవ్, ఈఎంఐ-ఈఎంసీ (పరికరాలు ఒకదాన్నొకటి చెడగొట్టకుండా చూసే విద్య) సబ్జెక్టులు వదలకూడదు. తరమణిలోని సమీర్ సంస్థ ఈఎంఐ-ఈఎంసీ పరీక్షలు చేసే కేంద్రం, అక్కడ ఇంటర్న్‌షిప్‌కి ప్రయత్నించాలి. డిగ్రీ అయ్యాక యూపీఎస్సీ ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్ష రాస్తే ఇండియన్ రేడియో రెగ్యులేటరీ సర్వీసుకి దారి ఉంది. దేశంలో ఫ్రీక్వెన్సీలు కేటాయించడం, అక్రమ ప్రసారాలు పట్టుకోవడం ఆ విభాగం పనే. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎలక్ట్రానిక్స్ ఉద్యోగాలూ చూసుకోవచ్చు. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితుల కంటే తక్కువగా ఉండొచ్చు, మేడలెక్కాలి, రాత్రుళ్లు పని ఉంటుంది. అది ముందే తెలిసి ఉండటం మంచిది.

కోడింగ్‌ని వేరే దారి అనుకోకండి. పైథాన్ రాకపోతే రేడియో సిగ్నళ్లను కంప్యూటర్లో విశ్లేషించే జీఎన్‌యూ రేడియో సాఫ్ట్‌వేర్‌తో పెద్ద పనులేవీ చేయలేడు, కాబట్టి అదీ నేర్చుకోవాలి, కానీ వేల రూపాయల కోర్సు అక్కర్లేదు.

ఒక నోట్‌బుక్ ఇచ్చి ప్రతి రీడింగూ తేదీ, సమయం, చోటుతో రాయమనండి. రెండు నెలల తర్వాత తెరిచి చూడండి. పేజీలు నిండి ఉంటే బీఈకి ధైర్యంగా ఈసీఈయే పెట్టించండి. మొదటి వారంతోనే ఆగిపోయి ఉంటే వాడికి నచ్చింది మైకు ముందు కూర్చోవడమేమో అడగండి. అదైతే విజువల్ కమ్యూనికేషన్ వైపు ఆలోచించాల్సి ఉంటుంది.