మెదడులోని కొవ్వు కంచంలోని నెయ్యి నుంచి వచ్చిందేనా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. అమ్మ వయసు 74. ఆల్జీమర్స్ అని రెండేళ్ల క్రితం తేల్చారు. అంతకుముందే గుండెకు స్టెంట్ వేశారు. ఈ జబ్బు వచ్చినవారి మెదడు కణాల్లో కొవ్వు పేరుకుంటోందని శాస్త్రవేత్తలు గుర్తించినట్టు చదివి, ఆమెకు నెయ్యి, మీగడ పూర్తిగా మాన్పించాను. అప్పటి నుంచి అన్నం సరిగా తినడం లేదు, చిక్కిపోయింది. మరోవైపు, కొలెస్ట్రాల్ మాత్రల వల్ల మెదడుకు కొవ్వు అందక మతిమరుపు వస్తుందని మా బాబాయి వాట్సాప్‌లో ఒక సందేశం చూపించడంతో మూడు వారాలుగా ఆ మాత్ర కూడా ఆపేశాం. నా వయసు 47, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 168 ఉంది. నేను జన్యు పరీక్ష చేయించుకోవాలా?

జవాబు: ముందుగా మాత్ర సంగతి చెప్పాలి, ఎందుకంటే మిగతావి ఆగినా అది ఆగదు. స్టెంట్ ఉన్నవారికి స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర ఇచ్చేది రిపోర్టులో అంకె తగ్గించడానికి మాత్రమే కాదు. రక్తనాళంలోని కొవ్వు పూడిక చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టకుండా కాపాడటానికి. దాన్ని అర్ధాంతరంగా ఆపితే గుండెపోటు, పక్షవాతం వచ్చే ముప్పు పెరుగుతుంది. ఈ జవాబు చదివిన రోజే గుండె వైద్యునితో మాట్లాడి, వారు చెప్పిన మోతాదులో మళ్లీ మొదలుపెట్టండి.

మీరు చదివిన వార్త నిజమే. 1907లో అలోయిస్ ఆల్జీమర్ ఈ జబ్బును వర్ణించినప్పుడే, మెదడులో నాడీకణాలకు తోడుగా ఉండే గ్లియా కణాల్లో కొవ్వు చేరి ఉండటాన్ని గమనించి రాశారు. తరువాత దశాబ్దాల పాటు పరిశోధన ఎక్కువగా మెదడులో పేరుకునే అమిలాయిడ్ ప్రోటీన్ గార, టావ్ ప్రోటీన్ చిక్కుముడుల చుట్టూ తిరిగింది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఆలెన్ రోజెస్ బృందం 1993లో, కొవ్వును మోసే అపోఈ అనే ప్రోటీన్ జన్యువులోని ఈ4 రకానికి ఆల్జీమర్స్‌తో గట్టి సంబంధం ఉందని చూపించింది. 2024లో స్టాన్‌ఫర్డ్‌లోని టోనీ విస్-కొరే బృందం నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఇంకో అడుగు ముందుకు వేసింది. మెదడులో పారిశుధ్యం చూసే మైక్రోగ్లియా కణాలు కొవ్వు బిందువులతో నిండిపోతున్నాయని, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు ఈ4 ప్రతులు ఉన్నవారిలో ఇది మరీ ఎక్కువని, అలా నిండిన కణాలు విడుదల చేసే పదార్థాలు పక్కనున్న నాడీకణాలకు హాని చేస్తున్నాయని అందులో తేలింది.

అయితే ఆ కొవ్వు మీ అమ్మగారి కంచంలోంచి నేరుగా వెళ్లింది కాదు. శరీర బరువులో మెదడు వాటా 2 శాతమే అయినా, ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో దాదాపు 20 శాతం అక్కడే ఉంటుంది. నాడీ తంతువుల మీది మైలిన్ తొడుగులోనే అందులో అధిక భాగం ఉంటుంది. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ను రక్తానికీ మెదడుకూ మధ్యనున్న అడ్డుగోడ లోపలికి రానివ్వదు కనుక, మెదడు తనకు కావలసిన కొలెస్ట్రాల్‌ను తానే తయారు చేసుకుంటుంది. ఆస్ట్రోసైట్ అనే గ్లియా కణాలు దాన్ని తయారు చేసి, అపోఈ మీదకు ఎక్కించి నాడీకణాలకు పంపుతాయి. ఈ4 రకం ప్రోటీన్ ఆ సరుకును సరిగా మోయలేదు. కాబట్టి లోపం కణాల్లో కొవ్వును మోయడంలో, ఖర్చు చేయడంలో ఉంది.

బాబాయిగారు చూపించిన సందేశానికి కూడా ఇందులోనే సమాధానం ఉంది. రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గినంత మాత్రాన మెదడు ఖాళీ అయిపోదు. స్టాటిన్ల వల్ల డిమెన్షియా (మతిమరుపు జబ్బు) వస్తుందని పెద్ద పరీక్షల్లో తేలలేదు. కొద్దిమందికి మాత్రం మరుపు అనిపించవచ్చు, మందు ఆపితే అది తగ్గుతుంది అన్న హెచ్చరికను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లో చేర్చింది. మాత్ర మొదలుపెట్టిన వెంటనే అమ్మగారి మరుపు పెరిగినట్టు మీకు గుర్తుంటే వైద్యునికి చెప్పండి, వేరే రకం స్టాటిన్‌కు మార్చవచ్చు.

నెయ్యి పూర్తిగా మాన్పించడం నాకు ఆందోళన కలిగించింది. ఆల్జీమర్స్‌లో బరువు తగ్గడం సాధారణం, అది మనిషిని త్వరగా కుంగదీస్తుంది. చిన్నప్పటి నుంచి ముద్దపప్పులో నెయ్యి వేసుకుని తిన్న మనిషికి ఆ వాసనే ఆకలి పుట్టిస్తుంది. గుండె జబ్బు ఉంది కాబట్టి గరిటెలతో కాదు, రోజుకు ఒక చెంచా చాలు. వారానికోసారి బరువు చూసి రాసి పెట్టండి.

మీ 168 విషయం వేరు. నడివయసులో ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉండటాన్ని, నివారించదగిన 14 డిమెన్షియా కారణాల్లో ఒకటిగా లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల కమిషన్ 2024లో చేర్చింది. ఆ కొవ్వు మెదడులోకి దూరనక్కర్లేదు, మెదడుకు రక్తం తెచ్చే నాళాలను పాడుచేస్తే చాలు. మీ వయసు స్త్రీలలో థైరాయిడ్ లోపం వల్ల కూడా ఎల్‌డీఎల్ పెరుగుతుంది కనుక ఆ పరీక్ష, బీపీ, షుగర్ చూపించుకున్నాకే మాత్ర గురించి నిర్ణయించుకోండి.

జన్యు పరీక్ష మీకు ఇప్పుడు అవసరం లేదని నా అభిప్రాయం. ఒక ఈ4 ప్రతి ఉంటే ముప్పు సుమారు మూడు రెట్లు పెరుగుతుంది, రెండు ఉంటే ఇంకా ఎక్కువ. అయినా ఈ4 ఉన్నవారిలో చాలామందికి జబ్బు రాదు, అది లేనివారికీ వస్తుంది. ఫలితం ఏదైనా మీరు చేయవలసిన పనులు మారవు, నిద్ర మాత్రం పోతుంది. లెకానెమాబ్ వంటి, అమిలాయిడ్ గారను తొలగించే మందులు ఇచ్చేముందు ఆ పరీక్ష చేస్తారు, ఎందుకంటే రెండు ఈ4 ప్రతులు ఉన్నవారికి మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ముప్పు ఎక్కువ. అలాంటి చికిత్స ప్రస్తావన వచ్చినా, పరీక్ష చేయవలసింది అమ్మగారికి. అప్పుడు ఆమె వాడుతున్న రక్తం పలుచబరిచే మందుల జాబితాను న్యూరాలజిస్టుకు తప్పక చూపించండి.