మాల వేయించే ముందు ఒక్కసారి రుయా ఆసుపత్రికి తీసుకెళ్లండి అక్కా

అక్కా, మీ తమ్ముడు రెండేళ్లుగా పొద్దున్నుంచే తాగుతున్నాడు, రాత్రుళ్లు నిద్రపోడు, తలుపేసుకుని ఒక్కడే కూర్చుంటాడు అని రాశారు. ఈ కార్తీకంలో అయ్యప్ప మాల వేయిస్తే మానేస్తాడా, లేకపోతే తాగుడు మాన్పించే సెంటర్లో పడేయాలా అని అడిగారు. మా ఇంట్లో ఆ రెండూ జరిగాయి. అందుకే రాస్తున్నాను.

మా అన్న తిరుపతిలో ఆటో తోలుతాడు. బస్టాండు నుంచి అలిపిరికి, కపిలతీర్థానికి, తిరుచానూరుకి యాత్రికులను తిప్పడమే పని. 2020 మార్చిలో కొండమీద దర్శనాలు ఆగిపోయాయి. మళ్లీ జూన్‌లో గానీ మొదలవలేదు. మొదలయ్యాక కూడా జనం చాలా రోజులు పలచగానే వచ్చారు. యాత్రికులు రాని తిరుపతిలో ఆటో ఎవరెక్కుతారు? వాయిదాలు పేరుకుపోయాయి. పండక్కో పెళ్లికో తప్ప ముట్టని మనిషికి రాత్రి పడుకుంటే గుండె దడ, ఒళ్లంతా చెమటలు. నిద్ర పడుతుందని ఒక క్వార్టర్ వేసుకోవడం మొదలుపెట్టాడు. బాడుగలు మళ్లీ పుంజుకున్నాయి గానీ ఆ క్వార్టర్ మాత్రం రెండయింది, మూడయింది. చివరికి పొద్దున బ్రాందీ షాపు ఎప్పుడు తీస్తారా అని చూసే దాకా వచ్చింది.

అమ్మ అన్నకి టీ గ్లాసు నిండా పోయడం మానేసింది. సగమే పోసి ఇచ్చేది. నిండా పోస్తే చేతిలోనే ఒలికిపోయేది. ఆటో తాళంచెవి పెట్టాలంటే కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకునేవాడు. కొంచెం మందు పడితే చేతులు నిలిచేవి. పొద్దున్నే తాగుతున్నాడంటే బుద్ధిలేకే అని మేమంతా తిట్టుకున్నాం. నిజానికి మందు లేకుండా ఒళ్లు నిలవలేని స్థితికి వచ్చిందనడానికి అదే గుర్తు. మీ తమ్ముడు పొద్దున లేచాక, ఇంకా తాగకముందు, చేతులు చాపమని చెప్పి చూడండి. వణుకుతుంటే గనక మాల మాట, ఒట్టు మాట ఇప్పుడే ఎత్తొద్దు.

మేము ఎత్తాం. మా మామ గురుస్వామితో మాట్లాడి మాల వేయించాడు. అన్న కూడా మనస్ఫూర్తిగానే వేసుకున్నాడు, నలభై ఒక్క రోజులూ నిలబడాలనే అనుకున్నాడు. ముందురోజు రాత్రితో మందు ఆపేశాడు. మర్నాడు తెల్లవారుజామున చన్నీళ్ల స్నానానికి లేచి బావి గట్టు దగ్గర పడిపోయాడు. ఫిట్స్. చేతిలో తాళాల గుత్తి పెట్టాం, దానివల్ల ఏం ఉపయోగం? పక్కకి తిప్పి పడుకోబెట్టాలన్న సంగతి కూడా మాకు తెలియదు. రుయాకి తీసుకెళ్లాం. మూడో రాత్రి ఇంకా భయపెట్టాడు. మంచం మీద చీమలు పాకుతున్నాయని దుప్పటి దులుపుతూనే ఉన్నాడు. ఎవరో బాడుగకి పిలుస్తున్నట్టు లేచి, "ఎక్కండి సామీ, అలిపిరే కదా" అన్నాడు. వార్డులో అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంటే అమ్మని గుర్తుపట్టలేదు.

రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చని, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య ఇలా మతి తప్పవచ్చని, వైద్యం అందకపోతే ప్రాణం మీదికి కూడా వస్తుందని డాక్టరు చెప్పాడు. మందు ఏళ్ల తరబడి మెదడును అణిచిపెట్టి ఉంచుతుందట. అది లేకపోయేసరికి మెదడు ఒక్కసారిగా ఎగిసిపడుతుంది. గ్లూకోజ్ ఎక్కించే ముందు బీ1 విటమిన్ ఇంజెక్షన్ చేశారు. వణుకు తగ్గే మాత్రలు రోజురోజుకీ తగ్గిస్తూ ఇచ్చారు. వీధిలో మాత్రం నియమం తప్పాడు, అందుకే స్వామి శిక్షించాడు అన్నారు. ఆ మాట అమ్మని ఎంత కోసిందో చెప్పలేను. వాడు తప్పింది ఏమీ లేదక్కా. నియమం పాటించాడు, ఒళ్లు తట్టుకోలేకపోయింది. మాల వేయించాలని ఉంటే వేయించండి, కానీ ముందు వైద్యం పూర్తవనీయండి.

తర్వాత నాలుగు నెలలు బాగున్నాడు. మళ్లీ మొదలుపెట్టాడు. అప్పుడు తెలిసినవాళ్లు చెప్పారని ఊరి బయట ఒక ప్రైవేటు సెంటర్‌కి ఫోన్ చేశాం. రాత్రిపూట నలుగురు వచ్చి, చేతులు కట్టి, జీపెక్కించి తీసుకుపోయారు. ఆ సంతకం పెట్టింది నేనే. రెండు నెలలు చూడనివ్వలేదు, ఫోనులో కూడా మాట్లాడనివ్వలేదు. తిరిగొచ్చాక మందు ముట్టలేదు గానీ మనిషి మాట్లాడటమే మానేశాడు. మొదటి నెల కాకముందే మళ్లీ షాపు దగ్గర కనిపించాడు. మానసిక ఆరోగ్య చట్టం 2017 ప్రకారం రోగిని గొలుసులతో కట్టడం నేరం, ఇలాంటి కేంద్రాలకు రిజిస్ట్రేషన్ ఉండాలి. అది నాకు తర్వాత తెలిసింది. మీరు ఎక్కడ చేర్చాలనుకున్నా ముందే వెళ్లి రిజిస్ట్రేషన్ కాగితం అడగండి, సైకియాట్రిస్టు ఏ రోజుల్లో వస్తారో అడగండి. లోపలికి రానివ్వకపోతే వెనక్కి వచ్చేయండి.

రెండోసారి రుయా సైకియాట్రీ ఓపీలో డాక్టరమ్మ అన్నను ఒక్క ప్రశ్న అడిగింది: "తాగుడు ముందా, దడ ముందా?" అన్న చాలాసేపు తల దించుకుని, "దడే ముందు మేడం" అన్నాడు. పక్కనే ఉన్న నాకే అంతవరకూ తెలియదు. ఆ దడకి, దిగులుకి మందులు మొదలుపెట్టారు. తాగాలన్న కోరిక తగ్గడానికి వేరే మాత్ర ఇచ్చారు. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పారు, కాబట్టి మేము తొందరపడలేదు. తలుపేసుకుని కూర్చునే మీ తమ్ముడిని కూడా ఆ ప్రశ్న ఎవరైనా మెల్లగా అడగాలి. చచ్చిపోతాననే మాటలు గనక వస్తుంటే సూటిగా అడగండి. అడిగితే కొత్తగా ఆలోచన పుట్టదు, మనసులో ఉన్నది బయటికొస్తుంది. ఒంటరిగా వదలొద్దు, ఆ రోజే తీసుకెళ్లండి.

ఇంకొకటి. సాంబారులో కలిపి పెట్టమని ఎవరో మాత్రలు చెప్తారు, మాకూ చెప్పారు. ఆ మాత్ర కడుపులో ఉండగా మందు తాగితే బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. ఆ మనిషికి తెలియకుండా, డాక్టరు లేకుండా ఏదీ ఇవ్వకండి.

అన్న ఇప్పటికి ఏడాదిన్నరగా నిలబడ్డాడు. మధ్యలో ఒకసారి రెండు రోజులు తాగాడు. మూడో రోజు తనే ఫోన్ చేసి, "చెల్లీ, ఓపీకి పోదాం రా" అన్నాడు. అప్పుడు నేను ఒక్క మాట కూడా అనలేదు.

మీరు వెళ్లేలోపు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కి చేయండి. టెలి మానస్ అది, ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రి కూడా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీరు కూడా ఏడవొచ్చు, నేను ఏడ్చాను.

ఈ రాత్రికి ఒక కాగితం తీసుకుని మూడు సంగతులు రాసుకోండి: రోజుకి ఎంత తాగుతున్నాడు, చివరిసారి ఎప్పుడు తాగాడు, ముందెప్పుడైనా ఫిట్స్ వచ్చాయా. ఓపీలో మొదట అడిగేవి అవే. వెళ్లే దాకా మందు ఒక్కసారిగా ఆపించకండి.