పాప మేనమామ దగ్గరికే పోతుంది, నా దగ్గరికి రాదు

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. పాప కడుపులో ఉండగానే దుబాయ్ వెళ్లాను. సెలవుల్లో వచ్చిపోవడమే తప్ప ఇంటిపట్టున లేను. ఇప్పుడు పాపకు ఏడేళ్లు, నేను పూర్తిగా వచ్చేశాను. ఏం కావాలన్నా వాళ్ల మామనే అడుగుతుంది. నేను గదిలోకి వస్తే మాటలు ఆపేస్తుంది. గారాబం ఎక్కువైందని కాస్త గట్టిగా ఉంటున్నాను. ఇన్నేళ్లు ఎండలో కష్టపడ్డది వాళ్ల కోసమే కదా?

జవాబు: మీ కష్టంతోనే ఆ ఇల్లు నిలబడింది. కానీ ఏడేళ్ల పిల్లకు ఆ లెక్క ఎలా తెలుస్తుంది? జ్వరం వచ్చిన రాత్రి పక్కన ఎవరున్నారు, పడిపోతే ఎవరు ఎత్తుకున్నారు అన్నదే తనకు గుర్తుంటుంది.

స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో షాఫర్, ఎమర్సన్ అనే పరిశోధకులు 60 మంది పసిపిల్లలను గమనించి 1964లో ఫలితాలు ప్రచురించారు. ఏడాదిన్నర వచ్చేసరికి వాళ్లలో ముప్పాతిక మంది తండ్రికీ దగ్గరయ్యారు. ఎంతసేపు దగ్గరున్నారన్న దానికంటే, బిడ్డ పిలిస్తే పలికారా లేదా అన్నదే ముఖ్యమని తేలింది. కాబట్టి పోయిన ఏళ్లన్నీ తిరిగి తెచ్చివ్వలేకపోయినా మీకు దారి ఉంది.

మిమ్మల్ని ఒకటి అడగాలి. మీరు లేనప్పుడు ఇంట్లో మీ పేరు దేనికి వాడారు? "డాడీ ఫోన్ చేస్తే చెప్తా ఉండు" అని అన్నం తినిపించడానికి, హోంవర్క్ చేయించడానికి బెదిరించారా? గల్ఫ్ ఇళ్లలో ఈ మాట మామూలే. ఒంటరిగా పిల్లను పెంచే తల్లి ఏ ఆసరా దొరికితే దాన్ని పట్టుకుంటుంది, ఆమెను తప్పుపట్టకండి. కానీ అలా జరిగి ఉంటే పాపకు మీరు ముందు భయంగానే తెలుసు. ఇప్పుడు మీరూ గట్టిగా ఉంటే, విన్నదంతా నిజమేనని తనకు రుజువు దొరుకుతుంది. ఆ మాట ఇంట్లో ఇక వినిపించకూడదు. మందలించే పని కొన్నాళ్లు మీ భార్యకే వదిలేయండి.

మేనమామ మీకు పోటీ కాదు. ఆయన వల్లే పాపకు మనుషులను నమ్మడం వచ్చింది. ఆయన్ను దూరం పెట్టారో, ఆ దిగులు కూడా మీ ఖాతాలోనే పడుతుంది. దెబ్బ తగిలి ఆయన దగ్గరికి పరుగెడితే పోనివ్వండి. మీరూ వెనకాలే వెళ్లి, "ఎక్కడ తగిలింది బిడ్డా" అని పక్కన కూర్చోండి, అంతే.

రోజూ ఒక పని మీదిగా చేసుకోండి: బడికి దింపడమో, సాయంత్రం ఓ అరగంట ఆటో. ఆట తను చెప్పిందే, నియమాలూ తనవే. మార్కులు అడగకండి. చుట్టాల ముందు ముద్దు పెట్టమనడం అసలే వద్దు. కొన్ని నెలలు పట్టొచ్చు. బడిలో కూడా ఎవరితోనూ మాట్లాడకపోయినా, నిద్ర చెడినా పిల్లల సైకాలజిస్టును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనూ మాట్లాడవచ్చు.

"మళ్లీ ఎప్పుడు పోతావ్?" అని ఏదో ఒకరోజు పాప అడుగుతుంది. మళ్లీ వీసా ప్రయత్నంలో ఉంటే దాచకండి. తను నిద్రలో ఉండగా మాత్రం బయల్దేరకండి.