లేజర్ మోజు అమ్మాయిది, బెంగ మీది

ప్రశ్న: మా అమ్మాయి పన్నెండో తరగతి చదువుతోంది. లేజర్‌తో డ్రోన్‌ను కూల్చే వీడియో చూసినప్పటి నుంచి ఆ ఆయుధాల మీదే పనిచేస్తానంటోంది. రక్షణ సాంకేతికత పేరుతో ఉన్న ప్రత్యేక డిగ్రీలో చేర్చాలా, మామూలు ఫిజిక్స్ లేదా ఇంజినీరింగ్ చాలా? ఈ రంగానికి భవిష్యత్తు ఉందా? – ఒక తండ్రి

జవాబు: మీ ఉత్తరం రెండు పేజీలు, పైన క్లుప్తంగా ఇచ్చాను. అందులో ‘భవిష్యత్తు’ అన్న మాట ఐదుసార్లు ఉంది. అమ్మాయికి ఏ పాఠం ఇష్టమో ఒక్కచోటా లేదు. నిన్న కృత్రిమ మేధ, మొన్న క్వాంటమ్, ఇవాళ లేజర్. పేర్లు మారుతున్నాయి కానీ తల్లిదండ్రులు నన్ను అడిగేది ఒక్కటే: పిల్ల ఎక్కిన దారి మధ్యలో మూసుకుపోతే ఎలా?

లేజర్ ఆయుధం దారి ఇప్పటికే చాలాసార్లు మూసుకుపోయింది. 1983లో అమెరికా అధ్యక్షుడు రేగన్ క్షిపణి రక్షణ పథకం ప్రకటించినప్పుడు, అంతరిక్షం నుంచి లేజర్లు కాపలా కాస్తాయన్న ఆశ పుట్టింది. అది జరగలేదు. తర్వాత బోయింగ్ 747 విమానంలో, కిరణం ముక్కు నుంచి వెలువడేలా భారీ రసాయన లేజర్‌ను అమర్చారు. 2010 ఫిబ్రవరిలో అది ఎగురుతున్న క్షిపణిని నిజంగానే కూల్చింది. ఆ మరుసటి సంవత్సరమే ఆ పథకాన్ని ఆపేశారు. కారణం, దాన్ని వాడాలంటే అంత పెద్ద విమానం శత్రువు గడప దాకా వెళ్లి చక్కర్లు కొట్టాలి. పనిచేయడం వేరు, పనికిరావడం వేరు.

ఇప్పుడు చవక డ్రోన్లు వచ్చి లెక్క మార్చాయి. చవక డ్రోన్ మీదికి ఖరీదైన క్షిపణిని వదలడం ఏ సైన్యానికైనా నష్టమే. బ్రిటన్ తన డ్రాగన్‌ఫైర్ లేజర్‌తో ఒక్కసారి కాల్చడానికి సుమారు 10 పౌండ్లే అవుతుందని చెబుతోంది. వినడానికి బాగుంది. అయితే కిరణం లక్ష్యం మీద ఒకే చోట కొన్ని సెకన్లు కదలకుండా నిలవాలి. పొగమంచు, వాన, దుమ్ము దాన్ని మింగేస్తాయి. డ్రోన్లు గుంపుగా వస్తే ఒక్కొక్కటిగానే కాల్చాలి. 100 కిలోవాట్ల కాంతి కావాలంటే దాదాపు 300 కిలోవాట్ల విద్యుత్తు అందించాలి, మిగతాదంతా వేడే. ఆ వేడిని ఎక్కడికి పంపాలన్నదే అసలు తలనొప్పి. నా అంచనా అడిగితే, లేజర్ వచ్చి తుపాకులనూ క్షిపణులనూ ఇంటికి పంపదు. వాటి పక్కన, దగ్గరి దూరాల రక్షణకు నిలబడుతుంది. అదేమీ చిన్న పని కాదు.

ఇక ఆ ప్రత్యేక డిగ్రీ. నాకు దాని మీద నమ్మకం తక్కువ, దాచను. ఆయుధం పేరు పెట్టుకున్న చదువుకు గిరాకీ ఆ ఆయుధం మోజు ఉన్నంత కాలమే. పైగా రక్షణ రంగంలో చేసిన పని చాలావరకు రహస్యం. పదేళ్లు కష్టపడినా, ఉద్యోగం మారేటప్పుడు ఏం చేశారో నోరు విప్పి చెప్పలేని వాళ్లను చూశాను.

ఒకసారి అధికశక్తి లేజర్ ప్రయోగశాలకు వెళ్లాను. సినిమాల్లోలా పచ్చటి గీత లేదు, శబ్దం లేదు. ఆ కిరణం కంటికే కనిపించదు. రక్షణ కళ్లద్దాలు పెట్టుకున్న ఒక పరిశోధక విద్యార్థిని, కిరణం తాకితే వెలిగే చిన్న కార్డు పట్టుకుని, అద్దం మరను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతోంది. ఆ ఒక్క సర్దుబాటుకే అది రెండో రోజట. అంతకుముందు వారం కటకం మీద ఒక్క దుమ్ము రేణువు కాలి పైపూత పాడైందట. ఆ అమ్మాయి ముఖంలో విసుగు లేదు. మీ అమ్మాయికి ఆ ఓపిక ఉంటే మీ బెంగ సగం అనవసరం.

ఎందుకంటే ఆ నైపుణ్యం ఆయుధానికే అంకితం కాదు. గాలి కదలికల వల్ల చెదిరే కిరణాన్ని సరిదిద్దడానికి క్షణక్షణం ఆకారం మార్చుకునే అద్దాలు వాడతారు. అవే ఖగోళ దూరదర్శినుల్లోనూ, కంటి రెటీనాను చిత్రించే పరికరాల్లోనూ ఉన్నాయి. లోహాన్ని కోసే ఫైబర్ లేజర్లు కర్మాగారాల్లో ఎప్పటి నుంచో ఉన్నాయి. ఆయుధానికి గిరాకీ పడిపోయినా కాంతిశాస్త్రం తెలిసిన మనిషికి పడిపోదు. కాబట్టి ఫిజిక్స్ గానీ, ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ గానీ చదవనివ్వండి. లేజర్ల మీద ప్రత్యేకత పీజీలో చూసుకోవచ్చు.

మరొకటి, కాస్త కటువుగానే చెబుతాను. ‘ఆడపిల్లకు ఆయుధాల గొడవెందుకు’ అని రాశారు. ఆ మాట ఆమె ముందు అనకండి. ఆయుధాల తయారీలో పాపపుణ్యాల ప్రశ్న ఉంది, నిజమే. శాశ్వతంగా గుడ్డివాళ్లను చేయడానికే రూపొందించిన లేజర్లను నిషేధిస్తూ 1995లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది కూడా. ఆ ప్రశ్న అబ్బాయికైనా అమ్మాయికైనా ఒకటే. దాన్ని ఆమెతో కూర్చుని మాట్లాడండి.

ఫీజు కట్టేముందు రెండు కోర్సుల సిలబస్‌లూ పక్కపక్కన పెట్టి, కాంతిశాస్త్రం, విద్యుదయస్కాంతత్వం, ఉష్ణ ప్రసరణ దేనిలో ఎన్ని గంటలున్నాయో లెక్కపెట్టండి. మీరు కాదు, అమ్మాయినే లెక్కపెట్టమనండి.