పాత స్టిల్ కంపెనీ 038 రంపం బాడీకి, అదే కంపెనీ 380 రంపం సిలిండర్ బిగించి చెట్లు కోసే పవర్ రంపం కట్టొచ్చా?

కట్టొచ్చు. మీరు రాసిన సామాను, అంటే 038 సూపర్ బాడీ, 380 నుంచి ఊడదీసిన సిలిండర్, ఏ రంపానిదో తెలియని కార్బురేటర్, పాత బారు (చైను తిరిగే పొడవాటి పట్టీ), వీటితో పనికొచ్చే రంపం తయారవుతుంది. 038లో మూడు రకాలున్నాయి: ఏవీ 61 సీసీ, సూపర్ 67, మ్యాగ్నమ్ 72. మూడింటికీ స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 34 మిల్లీమీటర్లే; బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, మాత్రం 48, 50, 52. ఆ మ్యాగ్నమే తర్వాత 380 పేరుతో వచ్చింది. కాబట్టి మీ సిలిండర్ ఆ బాడీ మీద కూర్చుంటుంది. పిస్టన్, రింగులు మాత్రం 52 సైజువే వేయాలి. పిస్టన్ మీది బాణం గుర్తు సైలెన్సర్ వైపు ఉండాలి. పిస్టన్‌ను రాడ్డుకు కలిపే పిన్నుకు రెండు పక్కలా పెట్టే లాకులు ఎంత బాగా కనిపించినా పాతవి వాడొద్దు.

మాది పలాస దగ్గర. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టాక ఎక్కడెక్కడి రంపాలో మా వైపు దిగాయి. నెలల తరబడి పీచు, దుమ్ము తిని పాడైనవాటిని చాలామంది తుక్కు కింద వదిలేసి వెళ్లిపోయారు. వాటిని విప్పి, ఒకదాని సామాను ఇంకొకదానికి వేసి కట్టుకోవడం అప్పటి నుంచే నాకు అలవాటైంది. ఆ అనుభవంతో చెబుతున్నాను: బోల్టులు పట్టినంత మాత్రాన ఇంజన్ కుదిరినట్టు కాదు. ఇలా కట్టిన రంపాలు ఎక్కువగా పోయేది గాలి లీకుతోనే, అదీ స్టార్ట్ చేసిన మొదటి కాసేపట్లోనే.

టూ స్ట్రోక్ ఇంజన్‌లో గాలి, పెట్రోలు, ఆయిలు అన్నీ క్రాంక్ గదిలోంచే పైకి వెళ్తాయి. క్రాంక్‌కు రెండు పక్కలా ఉండే ఆయిల్ సీళ్లు గట్టిపడినా, కార్బురేటర్‌కు సిలిండర్‌కు మధ్య ఉండే రబ్బరు చీలినా, సిలిండర్ అడుగు గాస్కెట్ సరిగ్గా కూర్చోకపోయినా బయటి గాలి లోపలికి దూరుతుంది. గాలి పెరిగిందంటే పెట్రోలు వాటా తగ్గుతుంది, దాంతోపాటు వచ్చే ఆయిలూ తగ్గుతుంది. పిస్టన్ వేడెక్కి సైలెన్సర్ వైపు గీతలు పడుతుంది, ఆఖరికి పట్టేస్తుంది. మీ 380 సిలిండర్ పాత యజమాని చేతిలో అలాగే పోయి ఉండొచ్చు. సైలెన్సర్ రంధ్రంలోంచి టార్చి వేసి చూడండి. సిలిండర్ గోడకు అంటుకున్నది పిస్టన్ అల్యూమినియమే అయితే పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ను దూదిపుల్లతో అక్కడి వరకే రాస్తే వదులుతుంది. పోర్టుల (సిలిండర్ గోడలోని రంధ్రాల) అంచులకు తగలనివ్వకండి, ఆరుబయట చేయండి, తర్వాత నీళ్లతో బాగా కడగండి. గోరు తగిలేంత గాటు ఉంటే లేదా పూత లేచిపోయి ఉంటే ఆ సిలిండర్ మీద ఆశ వదులుకోండి.

క్లచ్, మ్యాగ్నెట్ చక్రం బిగించకముందే గాలి పరీక్ష చేయండి. సైలెన్సర్ చోటా, కార్బురేటర్ చోటా సైకిల్ ట్యూబు ముక్కలు పెట్టి బిగించండి. పిస్టన్ కిందికి దించి ప్లగ్గు రంధ్రంలోంచి గాలి ఎక్కించండి. పంపు లేకపోతే పాత బీపీ మిషన్ బల్బు, మీటరు చాలు. 300 దగ్గర ముల్లు నిలిస్తే ఒత్తిడి సుమారు 0.4 బార్ (ఇది ఒత్తిడి కొలత). సీళ్ల చుట్టూ సబ్బు నీళ్లు పూస్తే లీకున్న చోట సన్నటి బుడగలు వరసగా లేస్తాయి. కానీ ఇక్కడితో ఆపేయొద్దు. సీలు పెదవి లోపలి ఒత్తిడికి షాఫ్ట్‌ను ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, లోపలికి లాగినప్పుడే వదులుతుంది. అందుకని వాక్యూమ్ పరీక్ష, అంటే లోపలి గాలిని బయటికి లాగి చూడటం, కూడా తప్పనిసరి. కార్ల మెకానిక్ దగ్గర బ్రేకులు బ్లీడ్ చేసే చేతి పంపు ఉంటుంది, అడిగి తెచ్చుకోండి. 0.5 బార్ దాకా లాగి వదిలితే ఇరవై సెకన్లలో 0.3కు దిగువకు పడకూడదు. పడితే కొత్త సీళ్లు వేయండి. వాటి ఖరీదు పిస్టన్ ఖరీదు ముందు ఎంత!

వేరే సిలిండర్ వేస్తున్నారు కాబట్టి పిస్టన్‌కూ సిలిండర్ పైకప్పుకూ మధ్య ఖాళీ కూడా చూడాలి. మెత్తటి సోల్డర్ తీగను ప్లగ్గు రంధ్రంలోంచి గోడ దాకా పెట్టి ఇంజన్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పి, నలిగిన చివర కొలవండి. అర మిల్లీమీటరు కంటే తక్కువ వస్తే మందం గాస్కెట్ వేయాలి.

కార్బురేటర్ మీద ఎక్కువ తంటాలు పడొద్దు. ఏ రంపానిదో తెలియనిదాన్ని పక్కన పెట్టి 380కి సరిపోయేది కొనండి. పెట్రోలు పైపు కూడా కొత్తదే. ఇప్పటి ఇథనాల్ కలిపిన పెట్రోలుకు పాత రబ్బరు ఆగదు. ప్లగ్గుకు కరెంటిచ్చే కాయిల్‌కూ మ్యాగ్నెట్ చక్రానికీ మధ్య విజిటింగ్ కార్డు దూరినంత సందు చాలు. చైనూ, దాన్ని తిప్పే పళ్ల చక్రం స్ప్రాకెట్టూ ఒకే పిచ్‌వి (లింకుల మధ్య దూరం) కావాలి. బారు మీద చెక్కి ఉన్న గాడి మందం, 1.3, 1.5, 1.6లో ఏదైతే అది, చైను మీదా ఉండాలి.

కార్బురేటర్ మీది హెచ్ (ఫుల్ రేసుకు), ఎల్ (స్లోకు) స్క్రూలు రెండూ ఒక్కో చుట్టు తెరిచి మొదలుపెట్టండి. కొయ్యలో పెట్టకుండా ఫుల్ రేసు ఇస్తే శబ్దం కాస్త గరగరలాడాలి, దుంగలో దించగానే ఆ గరగర పోయి సాఫీ కావాలి. ఖాళీగా ఉన్నప్పుడే సన్నగా, ఈలలా అరుస్తుంటే అది బలం కాదు, పెట్రోలు చాలడం లేదు. వెంటనే ఆపి హెచ్ స్క్రూ కొంచెం తెరవండి. స్లోలో చైను కదలకూడదు, చైన్ బ్రేకు అయిన ముందు గార్డును తోస్తే తిరిగే చైను టక్కున ఆగాలి. ఆ బాడీలో చైన్ బ్రేకు సామాను లేకపోతే, అవి దొరికేదాకా ఈ రంపాన్ని చెట్టు దగ్గరికి తీసుకెళ్లకండి.