రైఫిల్ మూతికి మర వేయవచ్చునా?

ప్రశ్న: చీమకుర్తిలో లేత్ షాపు నడుపుతున్నాను. గ్రానైట్ క్వారీల డ్రిల్లు రాడ్లకు, ట్రాక్టరు షాఫ్టులకు మరలు కోయడం మాకు రోజువారీ పని. కనిగిరి వైపు నుంచి తెలిసిన పెద్దాయన ఒకరు వచ్చి, తన 315 రైఫిల్ కాల్చినప్పుడు భుజాన్ని బాగా తన్నుతున్నదనీ, ఆ తన్ను తగ్గించే బ్రేకు బిగించుకోవడానికి బ్యారెల్ మూతికి మర వేసి ఇమ్మనీ అడుగుతున్నారు. లైసెన్సు కూడా చూపించారు. చేసి ఇవ్వవచ్చునా?
— ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: దయచేసి ఆ పని ఒప్పుకోవద్దు. ఆయన చూపించిన లైసెన్సు తుపాకీని దగ్గర ఉంచుకోవడానికి ఆయనకు ఇచ్చినదే తప్ప, దాన్ని మార్చడానికి మీకు ఇచ్చినది కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షను ప్రకారం తుపాకీని తయారు చేసేవారికే కాక, మార్పు చేసేవారికీ, మరమ్మతు చేసేవారికీ కూడా విడిగా లైసెన్సు ఉండాలి. 2019 సవరణ తరువాత ఈ నేరానికి శిక్ష కనీసం 7 సంవత్సరాలు, గరిష్ఠంగా యావజ్జీవ కారాగారం. మరొక సంగతి కూడా తెలుసుకోవాలి. పేలుడు శబ్దాన్ని గానీ మంటను గానీ తగ్గించే పరికరాన్ని ఈ చట్టం తుపాకీతో సమానంగానే లెక్కిస్తుంది. ఈరోజు బ్రేకు కోసం వేసిన మరకే రేపు సైలెన్సరు బిగిస్తే, ఆ మర ఎవరు వేశారన్న ప్రశ్న మీ షాపు దాకా వస్తుంది.

చట్టాన్ని కాసేపు పక్కన పెట్టి పనితనం సంగతే చూసినా నా జవాబు మారదు. డ్రిల్లు రాడ్డు మీద మర రవ్వంత వంకరగా పడితే బిగింపు చెడుతుంది, రాడ్డు త్వరగా అరుగుతుంది, అంతకు మించి పెద్ద నష్టం ఉండదు. రైఫిల్ విషయంలో ఆ మరకు బిగించిన పరికరం గుండా బుల్లెట్ దూసుకుపోతుంది. మర ఇరుసు బ్యారెల్ లోపలి రంధ్రపు ఇరుసు నుంచి డిగ్రీలో పదో వంతు పక్కకు ఒరిగినా, 150 మిల్లీమీటర్ల పొడవున్న పరికరం చివరికి వచ్చేసరికి ఆ తేడా పావు మిల్లీమీటరు దాటుతుంది. లోపల బుల్లెట్ చుట్టూ వదిలే ఖాళీయే చాలా తక్కువ కాబట్టి, ఆ తేడాకు బుల్లెట్ అంచును రాసుకుంటే పరికరం పగిలి ముక్కలు ఎగిరే ప్రమాదం ఉంది. మీరు చక్‌లో పట్టించి డయల్ గేజ్‌తో సరిచూసేది బ్యారెల్ పైభాగాన్ని. లోపలి రంధ్రం సరిగ్గా దాని నడిమధ్యనే ఉంటుందన్న హామీ ఏమీ లేదు. మూతి అంచు కూడా అంతే ముఖ్యం. బుల్లెట్ చిట్టచివరిగా తాకి వదిలేది ఆ అంచునే కనుక, అక్కడ ఒక చిన్న గీత పడినా గురి తప్పుతుంది. మర కోసిన మేరకు గొట్టం గోడ పలచబడుతుందన్నది మీకు వేరే చెప్పనక్కరలేదు.

పెద్దాయన భుజం నొప్పి నిజమైనదే. దానికి బట్ చివర, అంటే భుజానికి ఆనే చోట, రబ్బరు ప్యాడ్ అమర్చుకోవచ్చు. ఆ పనిని కూడా లైసెన్సు ఉన్న ఆయుధాల డీలరు దగ్గరే చేయించుకోమని చెప్పండి. బ్రేకు వాయువును పక్కలకు మళ్లించి తన్నును తగ్గిస్తుందన్న మాట నిజమే అయినా, శబ్దాన్ని కాల్చేవారి చెవుల వైపే తిప్పుతుంది. భుజానికి దక్కిన సుఖానికి చెవులు మూల్యం చెల్లించవలసి వస్తుంది. రైఫిల్‌ను ఒక్క రాత్రికైనా మీ షాపులో ఉంచుకోవద్దు.

ప్రశ్న: మా అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్నది. తోటివారి రైఫిళ్లకు మూతి దగ్గర ఒక గొట్టం బిగించి ఉంటున్నది. అది గురిని పెంచుతుందా?
— ఒక తల్లి, నెల్లూరు

జవాబు: ఆ గొట్టం 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్‌కు వేగాన్ని గానీ శక్తిని గానీ ఇవ్వదు. గురి చూసుకోవడానికి రైఫిల్ మీద ముందొకటి, వెనకొకటి ఉండే అమరికల్లో ముందుదాన్ని కంటికి మరింత దూరంగా నిలపడానికే ఆ గొట్టాన్ని బిగిస్తారు. ఆ రెండు అమరికల మధ్య దూరం పెరిగేకొద్దీ తుపాకీ పట్టులోని చిన్న తప్పు కూడా కంటికి తెలుస్తుంది. కానీ మూతి వైపు బరువు పెరుగుతుంది కాబట్టి, నేర్చుకునే పిల్లల ఎడమ చేయి త్వరగా అలసిపోతుంది. పోటీ నియమాల ప్రకారం రైఫిల్ మొత్తం బరువు 5.5 కిలోలు దాటకూడదు. అమ్మాయి నిలబడే తీరు కుదురుకున్న తరువాత, కోచ్ చూసి చెప్పిన పొడవునే, ఆ రైఫిల్ తయారుచేసిన సంస్థ ఇచ్చిన గొట్టాన్నే కొనండి. బయట ఎక్కడా మర వేయించవద్దు.