నమ్మదగిన నాయకుడు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల రాతప్రతి పూర్తిగా చదివాను. కథానాయకుడు నిజాయితీపరుడని తొలి అధ్యాయంలోనే చెప్పావు, ఊరివాళ్ల చేత చెప్పించావు, చివరికి ప్రత్యర్థి చేత కూడా ఒప్పించావు. అయినా చదవడం ముగించాక, అతన్ని నమ్మి నా రహస్యమొకటి చెప్పుకోవచ్చునని నాకు అనిపించలేదు. నవల పొడుగునా అతనికి అబద్ధమాడవలసిన అగత్యం ఒక్కసారైనా రాలేదు కదా!

ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో 1862లో వెలువరించిన 'లే మిజరబుల్స్' నవలలో ఒక ఘట్టాన్ని నిదానంగా చదువు. పేరు మార్చుకుని మేయరుగా గౌరవం పొందుతున్న పాత ఖైదీ జా వల్జా, తానేనని పొరబడి మరొకరిని బోనెక్కిస్తున్నారని తెలిసి, రాత్రంతా తనతో తాను పెనుగులాడి, తెల్లవారకముందే ఆ న్యాయస్థానానికి బయలుదేరతాడు. దారిలో బండి చక్రం దెబ్బతింటుంది. ఆ రోజుకు అది బాగుపడదని వినగానే అతని గుండె తేలికపడుతుంది. ఇక ఆగిపోయినా తప్పు తనది కాదు. అంతలో ఒక ముసలామె వచ్చి, తన దగ్గర అద్దెకు బండి ఉందంటుంది. అతను వణికిపోతాడు, అయినా ఆ బండిలోనే వెళతాడు. అతని మీద నాకు గురి కుదిరింది న్యాయస్థానంలో కాదు, గుండె తేలికపడిన ఆ క్షణంలోనే. మన హరిశ్చంద్రుడు కాటి దగ్గర కన్నకొడుకు శవానికి సైతం సుంకం అడిగినప్పుడు ప్రేక్షకులు కంటతడి పెట్టేదీ, అడుగుతున్నవాడు తండ్రి కనుకనే.

విశ్వసనీయత సంగతి కొంత వేరు. అది ఎదుటివారు ఇవ్వవలసినది కాబట్టి, చుట్టూ ఉన్న పాత్రల నడవడిలో కనబడాలి. ఎవరినీ నమ్మని పిసినారి ఒకడు ఇనప్పెట్టె తాళంచెవి నీ కథానాయకుడి చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా ప్రయాణమైపోతే, ఆ పైన నువ్వు ఒక్క విశేషణమైనా వాడనక్కరలేదు. రెండో అధ్యాయంలో అతను పిల్లవాడికిచ్చిన చిన్న మాట, పాఠకుడు దాన్ని మరచిపోయిన తరువాత నెరవేరితే ఇంకా మంచిది. అతని నోట పలికించిన నీతిబోధలను మాత్రం దయచేసి తీసివెయ్యి.

తొమ్మిదో అధ్యాయంలో వీలునామా దొరికినప్పుడు నలుగురు సాక్షులను నిలబెట్టావు. వాళ్లను బయటికి పంపించు. ఆ కాగితం తగలబెట్టినా ఎవరికీ తెలియని ఏకాంతంలో, అవసరం గొంతు మీద కూర్చున్న వేళ, అతను ఎంతసేపు దాన్ని పట్టుకుని నిలబడ్డాడో రాయి. తిరగరాసిన అధ్యాయం పంపితే వెంటనే చదువుతాను.

నీ శ్రేయోభిలాషి